కళ్ళద్దాలున్న పాప ఆస్ట్రోనాట్ అవుతానంటోంది

ఆదోని నుంచి ఒక తండ్రి అడిగారు: "మా పాప టెన్త్ సార్. ఆస్ట్రోనాట్ అవుతానని పట్టు పట్టింది. కళ్ళద్దాలు కూడా ఉన్నాయి. ఎంపీసీలో చేర్చాలా, బైపీసీలోనా? లేక నాలుగు రోజులు పోతే తనే మర్చిపోతుందా?"

మర్చిపోతే మర్చిపోనీ అన్నా, దానికి టెన్షన్ ఎందుకు. ముందు పాపని కూర్చోబెట్టి అడగండి, అంతరిక్షంలో నీకేం కావాలమ్మా అని. నడపడమా, అక్కడికెళ్ళి ప్రయోగాలు చేయడమా, లేక శుభాంశు శుక్లాని టీవీలో చూసి మనసు పడిందా? (అదైనా తప్పేం లేదు, చాలామందికి మొదలయ్యేది అక్కడే.)

నడపడమే ఇష్టమంటే మన దేశంలో ఇప్పటిదాకా నడిచిన దారి ఎయిర్‌ఫోర్స్. 1984లో వెళ్ళిన రాకేశ్ శర్మ, 2025లో వెళ్ళిన శుక్లా, ఆయనతో పాటు గగన్‌యాన్‌కి (మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే ఇస్రో కార్యక్రమం) ఎంపికైన మిగతా ముగ్గురూ, అందరూ టెస్ట్ పైలట్లే, అంటే విమానాలను పరీక్షించి నడిపేవాళ్ళు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉంటే ఎయిర్‌ఫోర్స్ కోసం ఎన్‌డీఏ (సైనిక ఆఫీసర్లను తయారుచేసే అకాడమీ) పరీక్ష రాయొచ్చు, 2022 నుంచి ఆడపిల్లలనూ తీసుకుంటున్నారు. చిక్కంతా అద్దాలతోనే. ఫ్లయింగ్ బ్రాంచికి చూపు పరీక్ష చాలా గట్టిగా ఉంటుంది, కాబట్టి కోచింగ్‌కి వేలకు వేలు కట్టకముందే కర్నూలులో మంచి కంటి డాక్టరుకి చూపించి, సైటు ఎంతుందో రాయించుకుని, ఎన్‌డీఏ మెడికల్ రూల్స్ పక్కన పెట్టుకుని చూసుకోండి.

అక్కడ కుదరకపోయినా దారి ఉంది. బండ్ల శిరీష మన తెలుగమ్మాయే, చూపు సరిగా లేక పైలట్ కాలేకపోయింది, ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివి 2021 జూలైలో వర్జిన్ గెలాక్టిక్ అనే ప్రైవేటు కంపెనీ నౌకలో పైకి వెళ్ళొచ్చింది. నాసాలో అద్దాలతో చూపు సరిపోతే చాలు గానీ అమెరికా పౌరసత్వం ఉండి తీరాలి. కల్పనా చావ్లా 1982లో చండీగఢ్‌లో ఇంజినీరింగ్ ముగించి, అమెరికాలో పీహెచ్‌డీ చేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, 1994లో గానీ సెలెక్ట్ కాలేదు. పన్నెండేళ్ళు! అంత ఓపిక పాపకే కాదు, ఇంట్లో మీకూ కావాలి.

బయాలజీ వాళ్ళు పోలేరా అంటే పోయారు. వైరస్‌ల మీద పనిచేసిన కేట్ రూబిన్స్ 2016లో అంతరిక్షంలోనే డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏలోని అక్షరాల వరుస చదవడం) చేసింది, అంతకుముందు అక్కడ ఎవరూ చేయలేదు. అయినా పాపకి బయాలజీ అంటే ప్రాణమైతే తప్ప ఎంపీసీలోనే వేయండి. బైపీసీ తీసుకుంటే ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్, ఏరోస్పేస్ రెండూ ఆ రోజే చేజారతాయి.

ఇంకోటి, "ఆస్ట్రోనాట్ ఫౌండేషన్" అని ఎవరైనా ఫీజు అడిగితే కట్టొద్దు, పైన చెప్పినవాళ్ళలో ఒక్కరూ అలాంటి కోర్సు చేసి పోలేదు.