హార్మొనీ సామరస్యమేనా?

సందేహం: అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన 'సో వాట్' అనే రచన నిర్మాణం గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. హార్మొనీని (వేర్వేరు స్వరాలు ఒకేసారి కలిసి మోగే పద్ధతిని) 'సామరస్యం' అనీ, కార్డ్‌ను (ఒకేసారి మోగే స్వరాల గుంపును) 'తంత్రి' అనీ, బ్రిడ్జిని (రచన నడుమ వచ్చే వేరు భాగాన్ని) 'వంతెన' అనీ రాశాను. ఇవి సరైనవేనా?

సమాధానం: 'ఈ రచనలో సామరస్యం చాలా సరళం' అని రాస్తే, వాయించిన ఆరుగురూ గొడవపడకుండా పని ముగించారని అనుకునేవాళ్లే ఎక్కువ. పత్రికలవాళ్లు ఆ మాటను శాంతి సంఘాలకు రాసిచ్చేసి చాలా కాలమైంది. పోనీ, మూలార్థం తీసుకుందామా? సమరసం అంటే ఒకే రుచి. ఆ గుణం సామరస్యం. హఠయోగ ప్రదీపికలో సమరసత్వం ప్రస్తావన వచ్చేచోట నీళ్లలో కలిసిన ఉప్పు పోలిక ఉంది. కరిగాక ఉప్పేదో నీళ్లేవో విడదీసి చూపగలమా?

హార్మొనీ అలా కరగదు. 'సో వాట్'లో బేస్ (మంద్రంగా మోగే తంత్రీవాద్యం) ఒక మాట అంటుంది, పియానో రెండు కార్డులతో బదులిస్తుంది. మొదటి కార్డును కింది నుంచి విప్పి చూడండి: ఇ, ఎ, డి, జి, బి (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు). షడ్జం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్నంత ఎడం మూడుసార్లు, ఆపైన అంతర గాంధారమంత ఎడం ఒకసారి. ఐదూ ఒక్కసారే మోగుతాయి, చెవి ఒగ్గితే ఐదూ వేటికవే వినిపిస్తాయి.

ఇలా కలిసి ఉంటూ వేరుగా ఉండటానికి మన ఛందస్సు ఏనాడో పేరు పెట్టింది: మైత్రి. అకారానికి యకార హకారాలు యతి చెల్లుతాయి. చెల్లినంత మాత్రాన అ పోయి య అయిపోదు, య పోయి హ అయిపోదు. పద్యం వింటున్నవాడికి ఆ రెండు చోట్లా ఏదో కలిసిందని తెలుస్తుంది, అంతే. అందుకే హార్మొనీకి 'స్వరమైత్రి' అంటే నాకు ముచ్చట. ఒక్కటే చిక్కు: ఛందస్సులో స్వరం అంటే అచ్చు. ఛాందసులు (నాలాంటివాళ్లే) పేచీ పెట్టొచ్చు.

సంగీతంలో కార్డ్ 'అకార్డ్' నుంచి వచ్చింది. తీగతో దానికి స్పెల్లింగు చుట్టరికమే, తంత్రిని కొట్టేయండి.

ఇక వంతెన. ఈ రచనలోని 32 బార్లలో (తాళపు కొలతల్లో) మొదటి 16 డి డోరియన్ (డి షడ్జంగా సాగే డోరియన్ అనే స్వరక్రమం), తర్వాతి 8 ఇ ఫ్లాట్ డోరియన్, చివరి 8 మళ్లీ డి. వంతెన దాటితే అవతలి ఒడ్డు రావాలి కదా, ఇక్కడ బయలుదేరిన ఒడ్డే వస్తుంది! 'నడిమి భాగం' అంటే చాలు. డోరియన్ స్వరస్థానాలు మన ఖరహరప్రియ రాగానివే. నడిమి భాగంలో అదే బాణీ, అవే కార్డులు షడ్జంతో సహా అరమెట్టు పైకి జరుగుతాయి. 'ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడచూడ రుచుల జాడ వేరు' అన్నాడు వేమన. కాగితం మీద రెండు భాగాలకూ ఒకే పోలిక. విన్నప్పుడు చూడండి, ఆ జరిగిన అరమెట్టుకే గది దీపం మార్చినట్టుంటుంది. దీన్ని కొందరు గ్రహభేదం అనేస్తున్నారు, అది తొందరపాటు. గ్రహభేదంలో స్వరాలు ఉన్నచోటే ఉంటాయి, షడ్జం మారి వేరే రాగం పుడుతుంది. ఇక్కడ మేళం (స్వరాల అమరిక) మారలేదు, ఉన్నదున్నట్టు జరిగింది.

స్వరమైత్రి నోటికి రాకపోతే హార్మొనీ అనే రాయండి, తప్పేం లేదు. అచ్చుకు వెళ్లేముందు ఎవరో దాన్ని మళ్లీ 'సామరస్యం' అని దిద్దితే మాత్రం నా పూచీ లేదు.