ఇంటికి తీసుకుపొమ్మన్నారు, మార్ఫిన్ మొదలుపెట్టాలా?

ప్రశ్న: మా బాపుకు 62 ఏళ్లు. నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి, ఇప్పుడు మెడలో తిరగబెట్టింది, పైన పుండు పడి వాసన వస్తోంది. చూపించిన ఆసుపత్రిలో ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొండని మార్ఫిన్ గోళీలు రాసిచ్చారు. అవి వేస్తే అలవాటవుతుంది, తొందరగా పోతాడని అన్న పక్కన పెట్టించాడు. రాత్రంతా మూలుగుతున్నాడు. జబ్బు పేరు బాపుకు చెప్పలేదు. కొత్త మందుల ట్రయల్‌లో చేర్పిస్తే బతుకుతాడని తెలిసినాయన అంటున్నాడు. ఏం చేయాలి?
- ఒక కూతురు, పరకాల

జవాబు: ముందు ఆ గోళీలు బయటికి తీయండమ్మా, ట్రయల్ సంగతి తర్వాత చూద్దాం. గడ్డను కరిగించే మందు ఇక లేదని డాక్టర్ చెప్పొచ్చు, అది నిజం కావచ్చు, కానీ చేసేదేం లేదనడం తప్పు, ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. నొప్పి ఉంది, పుండు ఉంది, నిద్ర లేదు, మీ అందరికీ టెన్షన్ ఉంది, వీటన్నిటికీ చేయగలిగింది చాలా ఉంది.

మీ అన్నకు ఇది చదివి వినిపించండి. డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే మార్ఫిన్ ఆయుష్షు తగ్గించదు, క్యాన్సర్ నొప్పికి వాడేవాళ్లు దానికి బానిసలవడం చాలా అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి ఇదే మందని చెప్పింది. మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల లైసెన్సుల తలనొప్పి ఎందుకని చాలా ఆసుపత్రులు దీన్ని పెట్టుకోవడమే మానేశాయి, 2014లో చట్టం సవరించి ఆ చిక్కు తగ్గించారు, ఇళ్లలో భయం మాత్రం పోలేదు.

మామూలు మార్ఫిన్ గోళీ దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. కాబట్టి నొప్పి వచ్చాక చూద్దాంలే అనుకోకుండా డాక్టర్ రాసిన టైముకు గడియారం చూసి ఇవ్వండి, రాత్రి పడుకునే ముందు మోతాదు ఎంతో కూడా అడిగి రాయించుకోండి. మొదటి రెండు మూడు రోజులు మగతగా, కడుపులో వికారంగా ఉండొచ్చు, అది మెల్లగా తగ్గుతుంది. తగ్గనిది మలబద్ధకం, అందుకే విరేచనం మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి. మింగలేకపోతే మామూలు గోళీని నూరి నీళ్లలో కలిపి ఇవ్వొచ్చు, పన్నెండు గంటలు పనిచేసే రకాన్ని మాత్రం నూరకూడదు, మీ దగ్గరున్నది ఏదో అడిగి తెలుసుకోండి. పిలిచినా లేవనంత మత్తుగా ఉంటే, శ్వాస బాగా నెమ్మదిస్తే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. సొంతంగా ఒక్కసారే ఆపేయొద్దు. పిల్లలకు అందకుండా బీరువాలో పెట్టండి.

పుండు వాసనకు చుట్టాలు రావడం మానేస్తారు, మనిషి అక్కడే సగం కుంగిపోతాడు. మెట్రోనిడజోల్ గోళీలను మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లితే వాసన బాగా తగ్గుతుంది, ఇది పాలియేటివ్ నర్సులు, అంటే జబ్బు నయం కాకున్నా నొప్పీ బాధా తగ్గించే వైద్యం చేసేవాళ్లు, రోజూ చేసే పనే, మీ డాక్టర్‌ను ఒక మాట అడిగి మొదలుపెట్టండి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడగండి, అంటుకుపోయిన గుడ్డను తడపకుండా లాగొద్దు. మెడ పుండు కదా, ఒక్కోసారి రక్తం కారుతుంది, ముదురు రంగు తువాళ్లు దగ్గర పెట్టుకోండి, తెల్లగుడ్డ మీద రక్తం చూసి ఆయనా మీరూ బెదిరిపోతారు.

ఈ సాయం కోసం ప్రతిసారీ హైదరాబాద్ పోనక్కర్లేదు. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది నిజమే, కానీ రాష్ట్రంలో జిల్లా స్థాయిలో కూడా ఈ కేంద్రాలు పెట్టారు, ఇంటికొచ్చి చూసే ఆలన వాహనాలూ ఉన్నాయి. మీ ఆశా కార్యకర్తను అడగండి, లేదా హనుమకొండలో జిల్లా వైద్యాధికారి ఆఫీసులో అడగండి.

జబ్బు పేరు చెప్పాలా అన్నది... ఆయనకు తెలియదని మీరు అనుకుంటున్నారు. రేడియేషన్ చేయించుకున్న మనిషికి, రోజూ అద్దంలో మెడ చూసుకునే మనిషికి తెలియకుండా ఉంటుందా? ‘నీకేమనిపిస్తుంది బాపూ’ అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. అడిగినంత వరకే చెప్పండి, అబద్ధం మాత్రం చెప్పొద్దు. భూమి కాగితాల సంగతో, తీర్చాల్సిన బాకీయో, మేడారం మొక్కో ఏదో ఒకటి ఆయన మనసులో ఉంటుంది, ఓపిక ఉన్నప్పుడే అది మాట్లాడనివ్వండి.

ఇక ట్రయల్. దీన్ని నేను కొట్టిపారేయను. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు సరిగ్గా ఇలాంటి తల, మెడ క్యాన్సర్ రోగుల్లోనే నివోలుమాబ్ అనే ఖరీదైన ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే) మందును మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు, అంటే మామూలు మోతాదులో పదో వంతు కంటే తక్కువ, నోటితో వేసుకునే మందులకు జతచేసి చూశారు. ఏడాది బతికినవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారని 2022లో ప్రచురించారు. జబ్బు నయమైందని కాదు, కానీ మన పేదవాళ్లకు అందే ధరలో ఏదైనా పనికొస్తుందా అని మన డాక్టర్లే వెతికారు, అది నాకు చాలా పెద్ద విషయం. మీ క్యాన్సర్ డాక్టర్‌ను దీని గురించి సూటిగా అడగండి. అయితే ఇలాంటి వాటిలో లేచి తిరిగే ఓపిక ఉన్నవాళ్లనే తీసుకుంటారు. తెలిసినాయన చెప్పే ట్రయల్ ప్రభుత్వ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో ఉందో లేదో చూడండి, 2009 నుంచి అందులో నమోదు తప్పనిసరి. కొత్త మందుకు లక్షలు కట్టమంటే నమ్మొద్దు. మొదటి దశ ట్రయల్ అంటే ప్రధానంగా మందు భద్రతను, మోతాదును చూసేది, బతికిస్తామని ఎవరూ మాటివ్వరు. చేరినా ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు బయటికి రావొచ్చు. చేరాలా వద్దా అన్నది బాపు చెప్పాలి, సంతకం ఆయనది.

ట్రయల్ జరిగినా జరగకపోయినా నొప్పి మందు ఆగకూడదు. బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో మొదటి నుంచీ పాలియేటివ్ వైద్యం కూడా అందినవాళ్లు సగటున 11.6 నెలలు, అందనివాళ్లు 8.9 నెలలు బతికారని 2010లో తేలింది. తొందరగా పోతాడని భయపడే మీ అన్నకు ఈ లెక్క చూపించండి.

ప్రశ్న: అమ్మకు లివర్ పూర్తిగా పాడైంది, రోజులే అన్నారు. రెండు రోజులుగా ఏమీ తినడం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెడతానంటున్నాడు, పెట్టకపోతే ఆకలితో చంపామంటారని భయం.
- భూపాలపల్లి పాఠకుడు

జవాబు: చివరి రోజుల్లో ఒంటికి ఆకలి ఉండదు. తినకపోవడం వల్ల ఆమె పోవడం లేదు, పోయే దశలో ఉంది కాబట్టి తినడం లేదు. ఆ స్థితిలో సెలైన్ ఎక్కిస్తే కాళ్లూ పొట్టా ఇంకా ఉబ్బుతాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం పెరుగుతుంది. బలవంతంగా తినిపిస్తే పొరబోతుంది. మెలకువగా ఉన్నప్పుడు అడిగితే చెంచాతో రెండు చుక్కలు ఇవ్వండి, లేదంటే తడిగుడ్డతో నోరు తుడిచి పెదాలకు వెన్న రాయండి. అనేవాళ్లకు నేను చెప్పానని చెప్పండి.

ప్రశ్న: నాకు వెంటిలేటర్ వద్దని ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చా?
- రిటైర్డ్ టీచర్, కాజీపేట

జవాబు: రాసుకోవచ్చు సార్. సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరించుకోవాలి, మీరు మాట్లాడలేని స్థితి వస్తే మీ తరఫున ఎవరు నిర్ణయించాలో పేర్లు రాయాలి. వాళ్లకూ, మీ ఫ్యామిలీ డాక్టర్‌కూ ఒక్కో కాపీ ఇవ్వండి. నొప్పి తగ్గించే మందులు మాత్రం ఆపొద్దని అందులో ఒక వాక్యం తప్పకుండా రాయండి.