వానాకాలంలో తెరుచుకోని ఒపినెల్ మడత కత్తి: సమాధానం

వానలు మొదలైనప్పటి నుంచి మీ ఎనిమిదో నంబరు (సైజు) ఒపినెల్ మడత కత్తి తెరుచుకోవడం లేదని అడిగారు; దానికి కారణం చాలావరకు తుప్పు కాదు. బీచ్ చెక్క పిడి తేమ పీల్చుకుని ఉబ్బి, అలుగును బిగించేసి ఉంటుంది.

1. పిడి పైకొసన తిరిగే లోహపు కట్టు చీలికను, అలుగు మడిచే పిడి గాడికి సరిగ్గా ఎదురుగా తిప్పండి.

2. గోటితో లాగవద్దు. పిడి వెనుక కొసను గట్టి బల్లమీద తట్టితే అలుగు కాస్త బయటికి వస్తుంది; ఫ్రాన్సులోని సవ్వా ప్రాంతంవారి పాత పద్ధతి ఇదే.

3. కత్తిని తెరిచి, నీడలోనే కొన్ని రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే చెక్క పగలవచ్చు.

4. చాలామంది వదిలేసేది ఈ పనినే: పైన వార్నిష్ ఉన్న చోట ఎంత నూనె రాసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే తేమ ప్రధానంగా గాడి లోపల, ఇరుసు దగ్గర ఉన్న వార్నిష్ లేని చెక్కలోకే దిగుతుంది. కనుక పూర్తిగా ఆరాక అక్కడే రెండు మూడు చుక్కల అవిసె నూనె వేసి, ఇంకనిచ్చి, మిగిలింది తుడవండి. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి పడేయవద్దు, దానంతటదే అంటుకోగలదు, పరిచి ఆరబెట్టండి.