పాఠకుల ప్రశ్నలు: లుజీనియా హోప్‌ను ఎలా స్మరించుకోవాలి?

ప్రశ్న: మేం అట్లాంటా దగ్గర ఉంటున్నాం. ఫిబ్రవరి ఇక్కడ బ్లాక్ హిస్టరీ మంత్. ఈ ఊరికి సేవ చేసిన నల్లజాతి సామాజిక కార్యకర్త ఒకరిని మా తెలుగు సంఘం తరఫున స్మరించుకోవాలనుకుంటున్నాం. ఎవరిని ఎంచుకోమంటారు? పటానికి దండ వేసి సభ పెడితే చాలా?
- ఒక పాఠకురాలు, ఆల్ఫరెట్టా

జవాబు: అట్లాంటా అంటున్నారు కాబట్టి మరో ఆలోచన అక్కర్లేదు, లుజీనియా బర్న్స్ హోప్‌ను ఎంచుకోండి. ఆమె 1871లో సెయింట్ లూయిస్‌లో పుట్టారు, షికాగోలో పెరిగారు. సేవాసంస్థల్లో పనిచెయ్యడం అక్కడే నేర్చుకున్నారు. 1898లో భర్త జాన్ హోప్‌తో అట్లాంటా వచ్చారు. ఇప్పుడు మోర్‌హౌస్ అంటున్న కాలేజీకి 1906లో ఆయన మొదటి నల్లజాతి అధ్యక్షుడయ్యారు. అదే ఏడాది ఊళ్లో నల్లవారి మీద మూకలు పడి చంపాయి.

కాలేజీ చుట్టూ ఉన్న నల్లవారి వాడల్ని నగరపాలకులు పట్టించుకునేవారు కాదు. అక్కడ ఒక యువతి మంచాన పడింది. భర్త, తండ్రి పనులకు పోయేవారు. ఆమె ప్రాణం మీదికి వచ్చేదాకా ఇరుగుపొరుగుకు ఆ సంగతే తెలియలేదు, చివరికి ఆమె దక్కలేదు. లుజీనియాను కలచివేసింది ఇదే. 1908 జులైలో చుట్టుపక్కల ఆడవాళ్లను తన ఇంటికి పిలిచారు. నైబర్‌హుడ్ యూనియన్ అనే మహిళల సంఘం అక్కడే పుట్టింది. 'నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపుము' అనే బైబిలు వాక్యమే దాని నినాదం.

ఆమె పనితీరు చూడండి. ఊరిని జోన్లుగా, జోన్లను పేటలుగా, పేటలను చిన్న చిన్న డిస్ట్రిక్టులుగా విడగొట్టారు. డిస్ట్రిక్టుకు ఒక డైరెక్టరు. తన వాటాకు వచ్చిన ప్రతి గడపా తొక్కి, ఆ ఇంట్లోవాళ్లతో పరిచయం పెంచుకోవడం ఆ డైరెక్టరు బాధ్యత. అలా తెలిసిన అవసరాలను బట్టే కుట్టు, వంట, రోగుల సేవ తరగతులు, పిల్లలకు ఆటస్థలం, 1915లో ఆరోగ్య కేంద్రం వచ్చాయి. దీపాలు, మురుగుకాల్వల కోసం నగరానికి అర్జీలూ వెళ్లాయి. మా దృష్టిలో ఆమె గొప్పతనం ఉపన్యాసాల్లో లేదు, ఈ వీధుల పంపకంలో ఉంది.

ప్రశ్న: అంత తిరిగితే ఏం ఒరిగింది?

జవాబు: బడుల సంగతే తీసుకోండి. 1913లో ఈ మహిళలు నల్లపిల్లల బడులన్నీ స్వయంగా వెళ్లి చూశారు. గాలి, వెలుతురు లేని గదులు, కిక్కిరిసిన బెంచీలు. చోటు చాలక రెండు పూటల బడి: పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఇంకో జట్టు, రెండింటికీ అదే టీచరు. చూసిందంతా రాసుకుని అధికారుల ముందు పెట్టారు. టీచర్ల జీతాలు పెరిగాయి గానీ రెండు పూటల బడి పోలేదు. అక్కడితో ఎవరూ చేతులెత్తెయ్యలేదు. నల్లజాతి ఓటర్ల ఒత్తిడితో 1924లో బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూలు తెరుచుకుంది. అట్లాంటాలో నల్లపిల్లలకు అదే తొలి ప్రభుత్వ హైస్కూలు.

1920లో మొదలైన అట్లాంటా స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ వెనకా లుజీనియా కృషి ఉంది. 1947లో ఆమె కన్నుమూశారు.

ప్రశ్న: సరే, మేం చేయగలిగింది ఏమిటి?

జవాబు: సభ తప్పకుండా పెట్టండి. నైబర్‌హుడ్ యూనియన్ కాగితాలు అట్లాంటా యూనివర్సిటీ సెంటర్‌లోని వుడ్రఫ్ లైబ్రరీలో ఉన్నాయి. ముందుగా రాసి, సమయం తీసుకుని వెళ్లి చూడండి.

తర్వాత ఆమె పద్ధతిలోనే ఒక పని చెయ్యండి. నేరుగా వాడలోకి దిగొద్దు. అట్లాంటా నగరంలో 1974 నుంచి నైబర్‌హుడ్ ప్లానింగ్ యూనిట్లు ఉన్నాయి, అంటే పేటల అవసరాలపై నగరానికి సలహాలిచ్చే పౌర సంఘాలు, మొత్తం 25. మోర్‌హౌస్ చుట్టుపక్కల ప్రాంతం 'టి' యూనిట్ కిందికి వస్తుంది. ఆల్ఫరెట్టా వేరే నగరం, అక్కడ ఈ ఏర్పాటు లేదు. యూనిట్ సమావేశాలు నెలనెలా జరుగుతాయి, ఎవరైనా వెళ్లవచ్చు. మొదటిసారి వెళ్లి వినండి, అంతే. రెండోసారి, అప్పటికే అక్కడ పనిచేస్తున్న నల్లజాతి సంఘం ఏదో తెలుసుకుని, వాళ్ల కింద పనిచేస్తామని అడగండి.

వాళ్లు ఒప్పుకుంటే ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒక జంటకు 12 ఇళ్లు మించొద్దు. 40 ఇస్తే కొన్ని వారాలకే చాలామంది మానెయ్యొచ్చు. అడగాల్సినవి మూడే: ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవారున్నారా, వీధిలో ఏం పాడైంది, అవసరమైతే ఎవరికి ఫోన్ చేస్తారు. ఆదాయం, వీసా, జబ్బుల వివరాలు అడగొద్దు. ఫొటోలు అసలే వద్దు, కెమెరా చూడగానే తలుపు మూసుకుపోతుంది. వీధి దీపమో గుంతో అయితే నగరపాలక సంస్థ ఫిర్యాదుల ఫోన్ నంబరు 311కి చెప్పి, ఫిర్యాదు నంబరు ఆ ఇంటివారికే రాసివ్వండి.

ఇలాంటి పనులు ఎక్కువగా చెడేది ఒకే చోట: వివరాలు రాసుకుని వెళ్లినవాళ్లు మళ్లీ కనపడరు. రెండు వారాల్లోపు అదే జంట అదే గడపకు వెళ్లి, ఏం జరిగిందో, ఏం జరగలేదో చెప్పి రావాలి. రెండోసారి వెళ్లే తేదీ ఖాయం చేసుకున్నాకే మొదటిసారి బయల్దేరండి.