లండన్‌లో పరిశోధనకు డబ్బు: చందా అడగకండి, చేబదులు అడగండి

దత్త మండలాల (అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాల) రైత్వారీ మీద, అంటే రైతు దగ్గర సర్కారే నేరుగా శిస్తు వసూలు చేసిన పద్ధతి మీద పీహెచ్‌డీ చేస్తున్నానని, మూడు వారాలు లండన్‌లో ఉండి బ్రిటిష్ లైబ్రరీలో కాగితాలు చూడాలని, నలుగురి దగ్గరా చందాలు వసూలు చేయాలంటే మొహమాటంగా ఉందని రాశారు. ఇలాంటి పనిమీదే హైదరాబాదు నుంచి వెళ్లివచ్చాను కనుక చెబుతున్నాను.

ముందు ఖర్చును రెండుగా విడదీయండి. విమానం, వీసా ఒక పద్దు. అక్కడి బస, తిండి మరో పద్దు. రెండింటికీ ఒకే చోట సాయం దొరకడం అరుదు. రెండో పద్దుకు చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ ఉంది. మన దేశంలో పీహెచ్‌డీ చివరి దశకు చేరినవాళ్లకు బ్రిటన్‌లో కొద్ది వారాల పరిశోధనకు సాయం చేస్తుంది. మీ అవసరానికి సరిగ్గా సరిపోతుంది. టికెట్టుకు కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఐసీహెచ్ఆర్ (చరిత్ర పరిశోధన మండలి), ఐసీఎస్ఎస్ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి) ప్రకటనలు చూడండి, మీ విశ్వవిద్యాలయంలో ప్రయాణ సాయం ఉందేమో అడగండి.

ఏ కమిటీ అయినా మిమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: మద్రాసు రెవెన్యూ బోర్డు దస్త్రాలు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లోనే ఉండగా లండన్ ఎందుకు? దీనికి జవాబు దరఖాస్తు మొదటి పేరాలోనే ఉండాలి. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో సొంత కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ‘మన్రో పత్రాలు చూస్తాను’ అని ఊరుకోకుండా, ఏ సంపుటాల్లో ఏ సంవత్సరాల ఉత్తరాలు కావాలో వరుస సంఖ్యలతో రాయండి. ఎగ్మోర్‌లో ఏమేం చూశారో కూడా చెప్పండి. అక్కడ చూడకుండా లండన్‌కు డబ్బు అడిగేవాళ్లను చూస్తే నాకే చిరాకు, కమిటీవాళ్లకు ఉండదా?

అసలు చిక్కు మంజూరు తర్వాత మొదలవుతుంది. ప్రభుత్వ సంస్థల సొమ్ము చాలావరకు తిరిగి వచ్చాక, బోర్డింగ్ పాసులు, బిల్లులు జతచేసి పంపాకే చేతికి వస్తుంది. అందాకా ఎవరు పెట్టాలి? మీకు మనుషుల సాయం కావలసింది ఇక్కడ. చందా కాదు, చేబదులు. మంజూరు ఉత్తరం చేతిలో పెట్టుకుని, ఫలానా సొమ్ము రాగానే తీరుస్తానని అడిగితే మేనమామ అయినా, పాత సీనియర్ అయినా ఇబ్బంది పడరు. మీకూ తల వంచుకోవలసిన పని ఉండదు. ఇంటర్నెట్‌లో విరాళాల విజ్ఞప్తి పెట్టమని కొందరు సలహా ఇస్తారు. పసిపిల్లల ఆపరేషన్ల విజ్ఞప్తుల పక్కన మన రైత్వారీని ఎవరు పట్టించుకుంటారు?

చేబదులు తీసుకున్నా వీసా దరఖాస్తుకు బాగా ముందే తీసుకోండి. ఖాతాలో హఠాత్తుగా పెద్ద మొత్తం కనిపిస్తే అది ఎక్కడిదని వీసా అధికారులు అనుమానిస్తారు. మంజూరు ఉత్తరం, సొమ్ము ఎవరిచ్చారో తెలిపే కాగితం జతచేయండి. కేంద్రం సొమ్ముతో వెళ్తుంటే టికెట్టు కొనే ముందు నియమాలు చదవండి. సాధారణంగా టికెట్లు అమ్మే ప్రభుత్వ సంస్థలైన బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీలలో ఒకరి దగ్గరే కొనమంటారు. చవకగా దొరికిందని మరోచోట కొంటే బిల్లు తిరిగి మీ ఒళ్లోనే పడవచ్చు.

లైబ్రరీలో పెద్ద ఖర్చేమీ ఉండదు. రీడర్ పాసు ఉచితం, చాలా పత్రాలను మీ ఫోనుతోనే ఫోటో తీసుకోవచ్చు. అయితే 2023 అక్టోబరు సైబర్ దాడి తర్వాత అక్కడి కేటలాగు చాలా కాలం అస్తవ్యస్తంగా ఉంది. మీకు కావలసిన సంపుటాలు మీరు వెళ్లే తేదీల్లో ఇస్తారో లేదో ఈమెయిలులో అడిగి, జవాబు వచ్చాకే టికెట్టు కొనండి.