మైనం ప్రాజెక్టు చేశాను, థర్మల్‌లోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. సోలార్ గీజర్ ట్యాంకులో 50 కిలోల పారఫిన్ మైనం పెట్టి వేడిని నిల్వచేసే ప్రాజెక్టు చేశాం. 90 శాతం ఎఫిషియెన్సీ వచ్చింది. ఇంట్లో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. ఈ రంగంలో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ఉద్యోగాల సంగతికి ముందు ఆ 90 దగ్గర కాసేపు ఆగుదాం. రేపు ఎంటెక్ ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలదీసేది అక్కడే.

కిలో పారఫిన్ కరిగితే సుమారు 200 కిలోజౌళ్ల వేడి దాచుకుంటుంది. 50 కిలోలకు 10,000. అన్నే కిలోల మామూలు నీళ్లు 30 నుంచి 70 డిగ్రీలకు కాగితే 8,360 కిలోజౌళ్లు పడతాయి. పైగా మైనం నీళ్లకన్నా తేలిక, చోటు ఎక్కువ తింటుంది. కాబట్టి కరిగే వేడి ఒక్కటే చూస్తే, గీజర్‌లో అది పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. పది డిగ్రీల తేడాలోనే పని జరగాలంటే మాత్రం అవే నీళ్లు 2,090 దగ్గర ఆగిపోతాయి. మైనం సత్తా అక్కడ తెలుస్తుంది.

ఇంకో లెక్క ఉంది, నాకు ఇదే ముఖ్యం. 75 డిగ్రీల దగ్గర ఇచ్చిన వేడిని 55 దగ్గర వెనక్కి తీసుకున్నారనుకోండి. 90 శాతం తిరిగొచ్చినా, బయట 30 డిగ్రీలుంటే ఎక్సర్జీ ప్రకారం, అంటే ఆ వేడిలో పనిగా మార్చుకోగలిగే భాగం లెక్కన, దక్కేది 53 శాతమే. ఈ డిగ్రీల తేడా ఎందుకంటే, మైనంలో వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది. గొట్టం చుట్టూ ముందు గడ్డకట్టిన పొర దుప్పటిలా అడ్డుపడుతుంది. గొట్టానికి ఫిన్లు, అంటే వేడిని పంచే లోహపు రెక్కలు, పెట్టేది అందుకే.

ఇక దారి. పీసీఎం (మైనంలా కరుగుతూ, గడ్డకడుతూ వేడిని దాచి ఇచ్చే పదార్థం) అన్న పేరుతో ఉద్యోగాలు వెతక్కండి, దొరికేవి తక్కువ. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాల్సిన వ్యాక్సిన్ల రవాణా, రాత్రి మంచు చేసి పగలు భవనాలను చల్లబరిచే ఏసీ ప్లాంట్లు, బ్యాటరీల కూలింగ్... ఇవన్నీ హీట్ ట్రాన్స్‌ఫర్ బాగా వచ్చినవాళ్లకు పని ఇచ్చే చోట్లు. గేట్ రాసి వరంగల్ ఎన్‌ఐటీ లాంటి చోట థర్మల్ ఎంటెక్‌కు ప్రయత్నించండి. కొంత అనుభవం వచ్చాక బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిర్వహించే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష కూడా రాయొచ్చు. ఇంట్లోవాళ్ల మాటా తీసేయకండి: పైథాన్ నేర్చుకుంటే రీడింగుల విశ్లేషణకూ, సిమ్యులేషన్‌కూ పనికొస్తుంది.

రిపోర్టు ఇచ్చేలోపు ఒక్క పని చేయండి. అదే ట్యాంకులో మైనం తీసేసి, ఉత్త నీళ్లతో ప్రయోగం మళ్లీ చేసి, రెండు గ్రాఫులూ పక్కపక్కనే పెట్టండి. నీళ్లే గెలిచినా సరే, అలాగే రాయండి.