స్లాబు పడకముందే: పక్కింటి అంతస్తు గురించి మేనకోడలికి ఒక లేఖ

చి.ల.సౌ. అమ్మాయికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

పక్కింటివాళ్లు తమ డాబా మీద ఇంకో అంతస్తు, దాని మీద పెంట్‌హౌస్ లేపుతున్నారనీ, మీ వైపుకే బాల్కనీ తీస్తున్నారనీ, మీ వంటింటి కిటికీకి ఎదురుగా అప్పుడే సెంట్రింగు కర్రలు నిలబెట్టారనీ మొన్న రాత్రి ఫోనులో ఒక్క గుక్కలో చెప్పావు. అల్లుడుగారు రేపే లాయరు నోటీసు ఇచ్చేద్దామంటున్నారని కూడా అన్నావు. ముప్పై ఏళ్లకు పైగా ఊళ్లోవాళ్ల ఇళ్లకు ప్లాన్లు గీసి, వాటిని పాస్ చేయించి, ఆ ప్లాను ప్రకారం కట్టనివాళ్ల తగాదాల్లో కొలతలకు వెళ్లి వచ్చినవాణ్ని కనుక, నోటిమాటగా ఏదో చెప్పి వదిలేయకుండా, నువ్వు మళ్లీ మళ్లీ చూసుకునేందుకు వీలుగా కాగితం మీద పెడుతున్నాను.

మొట్టమొదట కాలం సంగతి. ఇలాంటి తగాదాల్లో కాలాన్ని నెలల్లో లెక్కపెట్టకూడదు, స్లాబుల్లో లెక్కపెట్టాలి. సెంట్రింగు కొట్టి, ఇనుము కట్టి, కాంక్రీటు పోసేదాకా పక్కవాడితో మాట్లాడితే అది సవరణ. పోసిన మర్నాడు మాట్లాడితే అది కూల్చివేత, ఆ మాటకు ఏ ఇంటి యజమానీ తేలిగ్గా తలవంచడు. మా వీధిలో ఎదురింటాయన తన మెట్లను రోడ్డు మీదికి జరుపుతున్నప్పుడు, పండగపూట గొడవెందుకు, సంక్రాంతి వెళ్లాక అడుగుదాం అనుకుని ఊరుకున్నాను. కనుమ మర్నాడు పొద్దున్నే మిల్లరు చప్పుడుకు మెలకువ వచ్చింది. ఆ మెట్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, నేను వాటిని చుట్టి వెళుతూనే ఉన్నాను. ఒక స్లాబుకూ మరో స్లాబుకూ నడుమ మామూలుగా మూడు నాలుగు వారాలు పడుతుంది. నీ చేతిలో ఉన్నది అంతే.

ఆ వారాల్లో మొదటి పని నోటీసు కాదు, కొలత. హైదరాబాదులో మీ కాలనీ ప్లాట్లు మూడు వందల గజాలవి, అంటే సుమారు 250 చదరపు మీటర్లు. 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నిబంధనల్లో ఈ పరిమాణానికి ఒక చిత్రమైన మెలిక ఉంది. భవనం ఎత్తు ఏడు మీటర్ల లోపు, అంటే గ్రౌండు, ఫస్టు ఫ్లోరు వరకే అయితే పక్కలా వెనకా ఒక్కొక్క మీటరు ఖాళీ వదిలితే చాలు. పది మీటర్లకు పెంచితే ఆ మీటరు కాస్తా మీటరున్నర అవుతుంది. చాలామంది యజమానులకు, కొందరు మేస్త్రీలకు కూడా ఈ సంగతి తెలియదు. ఉన్న గోడల మీదే కదా లేపుతున్నాం, కొత్తగా ఎవరి జాగాలోకీ వెళ్లడం లేదు కదా అని వాళ్లు నిజాయితీగానే అనుకుంటారు. మీ పక్కింటి గోడ హద్దుకు మూడున్నర అడుగుల దూరంలో ఉందన్నావు. పాత ఇంటికి అది సరిపోయింది, కొత్త అంతస్తుకు కావలసిన మీటరున్నర అంటే ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. పాత గోడ వరసలోనే పైకి కడితే ఇప్పటికే అడుగున్నర దాకా తరుగు పడుతుంది.

బాల్కనీ దగ్గర అసలు తప్పు ఉంది. సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఆ ఖాళీ) కొలిచేటప్పుడు గోడ నుంచి కొలిచి సరిపోయిందనుకుంటారు, కానీ బాల్కనీ తీస్తే ఖాళీని దాని అంచు నుంచే లెక్కించాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. మూడున్నర అడుగుల సందులోకి రెండడుగుల బాల్కనీ వస్తే మిగిలేది అడుగున్నర. ఆ బాల్కనీలో నిలబడిన మనిషి చెయ్యి చాస్తే మీ కిటికీ ఊచలు అందుతాయి. పెంట్‌హౌస్ సంగతి ఇంకా తేలిక: పైకి తేలిన మెట్ల గది, వాటర్ ట్యాంకు, పిట్టగోడ ఎత్తు లెక్కలోకి రావు గానీ, మంచం వేసుకునే గది వస్తుంది. దాన్ని ప్లానులో మెట్ల గదిగా చూపించి తరువాత బాత్రూము కలిపేయడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. కొన్నింటికి గీత గీసిన చెయ్యి నాదే, దాచుకోను.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకో. ప్రహరీ గోడ ముఖం నుంచి కొలవవద్దు, హద్దు గీత నుంచి కొలవాలి. ఆ తొమ్మిది అంగుళాల గోడ పూర్తిగా వాళ్ల జాగాలో ఉందా, మీ జాగాలో ఉందా, లేక ఉమ్మడి గోడా అన్నది రిజిస్ట్రేషన్ దస్తావేజులోని కొలతలను బట్టి ముందు తేల్చుకోవాలి. ముందువైపు తప్ప మిగతా సెట్‌బ్యాకుల్లో పది శాతం దాకా తేడాను జరిమానా కట్టించుకుని మన్నించే అధికారం మున్సిపాలిటీకి ఉంది. మీటరున్నరలో పది శాతమంటే ఆరు అంగుళాలు. ఆరు అంగుళాల తేడాతో తేలే వ్యవహారంలో తొమ్మిది అంగుళాల గోడను మరిచిపోయి ఫిర్యాదు రాస్తే, తనిఖీకి వచ్చినవారి ముందు మొదటి నిమిషంలోనే నీ మాట పలచనైపోతుంది.

పక్కవాళ్లను కొలిచేముందు మీ ఇంటిని కొలుచుకో. మీ వెనక వాష్ ఏరియా మీద రేకుల షెడ్డు ఉంది కదా, అది పూర్తిగా సెట్‌బ్యాకులోనే ఉంది. 2011లో గృహప్రవేశానికి వారం ముందు, వానలో గిన్నెలు ఎలా తోముకుంటారని మీ అమ్మ అడిగితే, పైపులు పాతించి రేకులు వేయించినది సాక్షాత్తూ నేనే. ఎదుటివాళ్లు వేసే మొదటి ఫోటో దానిదే అవుతుంది. రేకులు విప్పించడం ఒక్కపూట పని, నట్లు విప్పితే వచ్చేస్తాయి. ఫిర్యాదు సంగతి తరువాత, ముందు ఆ పని చేయించు. దాని పాపం నా ఖాతాలో రాసుకో.

ఇక నువ్వు అన్న వెలుతురు మాట. ఎండ రాదు, గాలి ఆడదు, తులసికోట నీడన పడుతుంది అన్న బాధ నిజమైనదే గానీ, దాన్ని హక్కుగా చేసి కోర్టులో నిలబెట్టాలంటే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఆ కిటికీ గుండా ఆ వెలుతురును ఇరవై ఏళ్లు ఎడతెగకుండా అనుభవించి ఉండాలి. మీ ఇంటికి ఇంకా ఇరవై నిండలేదు. అందుకని ఫిర్యాదును వెలుతురు మీద కట్టవద్దు, సెట్‌బ్యాక్ మీద కట్టు. వాళ్లు నిబంధనల లోపల ఎంత ఎత్తు కట్టినా, నీకు ఎంత కష్టంగా ఉన్నా, అది వాళ్ల ఇల్లు. నిబంధన దాటినంత మేరకే నీకు నోరు ఉంటుంది, ఆ మేరకు మాత్రం గట్టిగానే ఉంటుంది. ఉడిపిలో కల్యాణ మంటపాన్ని సినిమా హాలుగా మార్చడానికి పట్టణ పథకానికి విరుద్ధంగా అనుమతి ఇచ్చిన కేసులో, అక్రమ కట్టడం వల్ల ఆ ప్రాంత నివాసుల హక్కులు దెబ్బతింటాయని సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. ఇది ఇంటి యజమానికీ కార్పొరేషనుకూ మధ్య వ్యవహారం, మీకేం పని అని ఎవరైనా అంటే ఆ తీర్పే జవాబు.

కొలతలు చేతికొచ్చాక పక్కింటికి వెళ్లు. అల్లుడుగారిని ఒంటరిగా పంపవద్దు, ఇద్దరూ వెళ్లండి. పని జరిగే చోట మేస్త్రీ ముందు కాకుండా, సాయంత్రం వాళ్ల హాల్లో కూర్చుని మాట్లాడండి. ఇన్నేళ్లుగా బాబాయిగారూ అని పిలుస్తున్న మనిషి, చిన్నకొడుకు పెళ్లి కుదిరి చోటు చాలక కట్టుకుంటున్నాడు, మీ మీద పంతంతో కాదు. మీరు అక్రమంగా కడుతున్నారన్న మాటతో మొదలుపెట్టకుండా, శాంక్షన్ ప్లాన్ ఒకసారి చూపిస్తారా బాబాయిగారూ అని అడుగు. ఐదు వందల చదరపు మీటర్ల లోపు ప్లాట్లకు, పది మీటర్ల ఎత్తు దాకా, స్వీయ ధృవీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి తెలంగాణ 2020 చట్టంతో వచ్చింది కనుక అనుమతి దొరకడం కష్టం కాదు. అనుమతి ఉండీ దాన్ని దాటడమే ఇప్పుడు ఎక్కువగా జరుగుతోంది. ప్లాను చూపించారంటే సగం పని అయినట్టే, ఎందుకంటే అందులో మీ వైపు బాల్కనీ గీసి ఉండదని నా నమ్మకం.

అడిగేది కూడా చేయదగినదై ఉండాలి. బాల్కనీని వీధివైపుకు మార్చుకోమను. మీ వైపు గోడను లోపలికి జరపమను, అది కుదరదంటే ఎందుకు కుదరదో వాళ్ల ఇంజనీరు చేత చెప్పించమను. మీ వంటింటికి ఎదురుగా కిటికీల బదులు పైకి వెంటిలేటర్లు పెట్టుకోమను. గ్రీన్ నెట్ కట్టమను, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా చప్పుడు చేసే పని వద్దను. ఒప్పుకున్నవి తెల్లకాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. అయితే నీ సంతకంతో సెట్‌బ్యాక్ తరుగు సక్రమం కాదన్న సంగతి మనసులో ఉంచుకో; నిబంధన పొరుగువాళ్లిద్దరూ పంచుకునే ఆస్తి కాదు, మంటలు లేచిన రోజున ఆ సందులోంచే మనుషులు బయటికి రావాలి. ఇంకొక సంగతి మరీ జాగ్రత్త: ఎన్నడూ ఎవరితోనూ సొమ్ము ప్రస్తావన తేవద్దు. ఫిర్యాదు పెట్టి బేరానికి దిగేవాళ్లు ఈ నగరంలో ఒక వృత్తిగా బతుకుతున్నారు, నష్టపరిహారమనే మాట నీ నోట వస్తే నిన్నూ ఆ జాబితాలోనే కలిపేస్తారు.

మాట కుదరకపోతే అప్పుడు ఫిర్యాదు. పేరులేని ఉత్తరం రాయవద్దు. సర్కిల్ కార్యాలయంలోని టౌన్ ప్లానింగ్ విభాగానికి ఒక పేజీకి మించకుండా, ప్లాటు విస్తీర్ణం, ఉండవలసిన ఖాళీ, ఉన్న ఖాళీ, ఫోటో తీసిన తారీకు, తరువాతి స్లాబు ఎప్పుడు పడబోతోందో రాసి, రసీదు సంఖ్య తీసుకో. సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కూడా ఇవ్వు. ఫోటోలో టేపు మీది అంకె కనబడాలి. సమాచార హక్కు కింద ప్లాను నకలుకు దరఖాస్తు పెట్టు గానీ, దానికి జవాబు గడువు ముప్పై రోజులు, వాళ్ల స్లాబు అంతకన్నా ముందే పడుతుంది కనుక దాని కోసం కూర్చోవద్దు. హైడ్రాకు ఫోన్ చేద్దామని అల్లుడుగారు అన్నారట. అది 2024లో ప్రధానంగా చెరువులు, నాలాలు, పార్కులు, ప్రభుత్వ స్థలాల రక్షణ కోసం ఏర్పడింది, మీ బాల్కనీ దాని పని కాదు.

అధికారులు వచ్చి మర్నాడే కూలుస్తారని ఆశపడవద్దు. ముందు జీహెచ్ఎంసీ చట్టం 452 సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు ఇస్తారు, జవాబు చూస్తారు. ఇలాంటి కట్టడాన్ని కూల్చేముందు కనీసం పదిహేను రోజుల నోటీసు ఉండాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కట్టడి చేసింది, అది సబబే. నీకు ఇప్పుడు కావలసింది కూల్చివేత కాదు, పని ఆపడం. కార్పొరేషను కదలకపోతే హైకోర్టులో రిట్, లేదా సివిల్ కోర్టులో తాత్కాలిక ఇంజంక్షను. సివిల్ కోర్టుకు వెళితే అడ్వకేట్ కమిషనరును వేయించి కొలతలు తీయించమని లాయరును అడుగు. తరువాత రెగ్యులరైజ్ చేయించుకుంటాంలే అని వాళ్లు ధీమాగా అంటే, అక్రమ కట్టడాలను సొమ్ము కట్టించుకుని సక్రమం చేసిన పథకాల్లో 2007 నాటి బీపీఎస్ ఆ ఏడాది డిసెంబరు 15 దాకా కట్టిన వాటికే, 2015 నాటి బీఆర్‌ఎస్ ఆ ఏడాది అక్టోబరు 28 దాకా కట్టిన వాటికేనని గుర్తుచెయ్యి. కాలం గడిచిందనో, సొమ్ము పెట్టామనో అక్రమ కట్టడం సక్రమం కాదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది.

ఈ లోపల నీ ఇంటి గోడలను చూసుకో. పక్కన డ్రిల్లింగు, బరువులు మొదలయ్యాక వచ్చిన బీటలకూ పాత బీటలకూ తేడా చెప్పలేక జనం ఓడిపోతారు. ఇప్పుడు ఉన్న ప్రతి బీట కొసనా పెన్సిలుతో అడ్డగీత గీసి పక్కన తారీకు వేసి ఫోటో తియ్యి. బీట ఆ గీత దాటితే కొత్తదని గోడే సాక్ష్యం చెబుతుంది. పక్కింటి పాత పునాది మూడో అంతస్తు బరువు మోస్తుందని స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రాయించుకున్నారా అని కూడా వాళ్లను అడుగు. ఇది నీకోసమే కాదు, కొత్త కోడలు కాపురం చేసేది ఆ పిల్లర్ల మీదే.

నేను గురువారం పొద్దున బస్సుకు బయలుదేరి వస్తాను. మీ ఇంట్లోని గుడ్డ టేపు వాడవద్దు, అది సాగుతుంది. నా ముప్పై మీటర్ల స్టీలు టేపు తెస్తున్నాను. దస్తావేజు నకలు, మీ పాత ప్లాను బీరువాలోంచి తీసి ఉంచు. రేకులు విప్పడానికి మనిషిని శుక్రవారానికి మాట్లాడి పెట్టు.

ఇట్లు,
మీ మామయ్య